పన్నెండు గంటల మాత్ర

ఖరిదాలో నైట్ డ్యూటీకి బయలుదేరే రైల్వే ఉద్యోగి టీ కొట్టు దగ్గర ఆగి ఓ స్ట్రాంగ్ టీ పట్టిస్తాడు. అందులోని కెఫీన్ మెదడును ఉత్తేజపరుస్తుంది. పెద్దవారి రక్తంలో అది సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు చాలు. ఆపైన మళ్లీ టీ కావాలి. ఉత్తేజక మందులన్నిటిదీ ఇదే చిక్కు: పని మిగిలి ఉండగానే మందు అయిపోతుంది.

1937లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో చార్లెస్ బ్రాడ్లీ అనే వైద్యుడు 30 మంది పిల్లలకు బెంజెడ్రిన్ అనే ఆంఫిటమిన్ మందు ఇచ్చాడు. కుదురులేని పిల్లలకు ఉత్తేజకమా అని మీరు ఆశ్చర్యపోవచ్చు. కాని వారిలో దాదాపు సగం మంది చదువు బాగా మెరుగుపడింది. మందు ఆపగానే ఆ ఫలితమూ పోయింది.

1944లో స్విట్జర్లండ్‌లో సీబా కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు లియాండ్రో పానిజ్జన్ మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. ఆయన భార్య ముద్దుపేరు రీటా; రిటలిన్ అనే పేరు అలా వచ్చింది. దాని ప్రభావం సుమారు 4 గంటలే. పొద్దున్న ఇంట్లో వేసుకున్న మాత్ర మధ్యాహ్నానికి దిగిపోతుంది. రెండోది బడిలో, తోటిపిల్లలు చూస్తుండగా మింగాలి. ఆ వెక్కిరింపుకు భయపడి మాత్ర ఎగ్గొట్టే పిల్లల సంగతి ఫార్మకాలజీ పాఠంలో పెద్దగా కనబడదు. కాని ఈ కథను ముందుకు నెట్టింది చాలావరకు అదే.

మందును నెమ్మదిగా వదిలే ఉపాయం అప్పటికి లేకపోలేదు. 1952లో స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీ డెక్సెడ్రిన్‌ను ‘స్పాన్స్యూల్’ గొట్టంలో అమ్మింది. చక్కెర పూసిన సోంపు గింజలు చూశారు కదా! అలాంటి వందలాది చిన్న గుళికలు; కొన్నిటికి పూత పలచన, కొన్నిటికి మందం. పలచనివి ముందు, మందమైనవి ఆలస్యంగా కరుగుతాయి.

రిటలిన్‌కు మాత్రం మైనం వంటి పదార్థంలో మందు కలిపి, నిలకడగా ఊరే మాత్ర చేశారు. లెక్క ప్రకారం బాగుండాలి. చాలామంది డాక్టర్లకు అది తృప్తినివ్వలేదు. కారణం 1990 దశకంలో కాలిఫోర్నియాలో జేమ్స్ స్వాన్సన్ బృందం పరీక్షల్లో తేలింది: రక్తంలో మందు ఒకే స్థాయిలో ఉంటే, శరీరం దానికి కొన్ని గంటల్లోనే అలవాటు పడిపోతోంది! సాయంత్రం దాకా ప్రభావం నిలవాలంటే మోతాదు క్రమంగా పెరుగుతూ పోవాలి.

దీన్ని సాధించిన కాన్సెర్టాకు 2000లో అమెరికాలో అనుమతి లభించింది. పైపూతలోని సుమారు 22 శాతం మందు త్వరగా కరుగుతుంది. లోపల మూడు అరలు. రెండింటిలో మందు, అడుగున నీరు పీల్చి ఉబ్బే పాలిమర్. ఎండుద్రాక్షను నీళ్లలో వేస్తే ఉబ్బే ద్రవాభిసరణమే ఇక్కడా పనిచేస్తుంది. పాలిమర్ ఉబ్బి, లేజర్‌తో చేసిన సన్నని రంధ్రం గుండా మందును బయటికి తోస్తుంది. మొదటి అర కంటే రెండో అరలో మందు ఎక్కువ; అందుకే సాయంత్రానికి స్థాయి పెరుగుతుంది. మొత్తం ప్రభావం సుమారు 12 గంటలు. నమిలినా, నూరినా ఈ ఏర్పాటంతా చెడి, మందు ఒక్కసారిగా రక్తంలో చేరుతుంది. పరీక్షల ముందు స్నేహితుడి మాత్ర అడిగేవారు ఈ సంగతి మరీ గుర్తుంచుకోవాలి.

మందంతా అయిపోయాక మాత్ర గుల్ల కరగకుండా మలంతో బయటికి వచ్చేస్తుంది. అది చూసి, పిల్లవాడికి మందు ఒంటబట్టలేదని కంగారుపడే తల్లిదండ్రులు ఉంటారు. నిజానికి ఆ గుల్ల అప్పటికే ఖాళీ.