గర్భిణుల్లో మధుమేహ నాడీ నష్టం: చరిత్ర

చక్కెర వ్యాధి నరాలను దెబ్బతీస్తుందని వైద్యులకు ఇన్సులిన్ రాకముందే తెలుసు. 1864లో ఫ్రాన్సులో మార్షల్ ద కాల్వి నరాల జబ్బుకు మూలం మధుమేహమేనని వాదించాడు. గర్భిణుల విషయంలో మాత్రం ఆ చర్చకు తావు లేకపోయింది. 1882లో లండన్‌లో మాథ్యూస్ డంకన్ మధుమేహమున్న గర్భిణుల కేసులను కూర్చినప్పుడు తల్లీబిడ్డలు బతకడమే పెద్ద ప్రశ్న. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కనుగొన్నాక ఆ భయం తగ్గింది. బెంగళూరులో చిక్కపేటకు దగ్గర్లో, కృష్ణరాజ మార్కెట్ పక్కన, వాణీ విలాస్ ఆసుపత్రి 1935లో తెరుచుకునే నాటికి షుగరున్న స్త్రీ కాన్పు అసాధ్యమేమీ కాదు. 1949లో బోస్టన్ వైద్యురాలు ప్రిసిల్లా వైట్ ఇలాంటి గర్భాలను అక్షరాల పేర్లతో తరగతులుగా విభజించింది. ఆ వర్గీకరణలో మూత్రపిండాలకు ఒక అక్షరం దక్కింది, కాలక్రమంలో కంటికీ గుండెకూ దక్కాయి, నరాలకు దక్కనేలేదు. ఈ వెలితే గర్భిణుల నాడీ నష్టాన్ని వైద్యం చూపుకు దూరం చేసిందని నా అభిప్రాయం.

గర్భం వల్ల నాడీ నష్టం శాశ్వతంగా ముదురుతుందని నిరూపణ కాలేదు కదా, ఇంత పట్టింపు ఎందుకని అడగవచ్చు. మొదటి మాట నిజమే, కానీ ప్రమాదమంతా ఆ కొద్ది నెలల్లోనే ఉంది. జీర్ణకోశ నరాలు దెబ్బతింటే అన్నం కడుపులోనే నిలిచి వాంతులవుతాయి. ఇంట్లోవాళ్ళు వేవిళ్ళనుకుంటారు, ఒక్కోసారి డాక్టరూ అలాగే అనుకుంటారు. ఇన్సులిన్ వేళకు పనిచేస్తుంది, తిన్నది మాత్రం వేళకు రక్తంలో చేరదు. చక్కెర పడిపోతున్నా గుండెదడ, చెమట వంటి హెచ్చరికలు కొందరిలో కనబడవు. సిజేరియన్‌కు మత్తిచ్చినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా జారిపోవచ్చు. అరికాళ్ళ తిమ్మిర్లు, మంటలు కూడా నెలలు నిండినప్పటి వాపుల లెక్కలో కలిసిపోతాయి.

గర్భంలో కొత్తగా షుగరు వచ్చినవాళ్ళకు నరాలు దెబ్బతినేంత వ్యవధి ఎక్కడిదన్నది మరో అభ్యంతరం. చాలామందికి ఇది వర్తిస్తుంది. అయితే మన దేశంలో కొందరికి ఏళ్ళ తరబడి తెలియకుండా ఉన్న టైప్ 2 మధుమేహమే గర్భిణీ పరీక్షలో మొదటిసారి బయటపడుతుంది. తిమ్మిర్లకు కారణం షుగరొక్కటే కాకపోవచ్చు కూడా. మైసూరు హోల్డ్స్‌వర్త్ ఆసుపత్రికి 1997-98లో వచ్చిన గర్భిణులను పరిశీలిస్తే 43 శాతం మందిలో విటమిన్ బి12 తక్కువగా తేలింది. ఆ లోపమూ నరాలను తినేస్తుంది, షుగరు మందు మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడితే అది పెరగవచ్చు. శాకాహార కుటుంబాలు ఎక్కువగా ఉన్న వర్తక పేటల్లో రక్తపరీక్ష చేయకుండా తిమ్మిరిని షుగరు ఖాతాలో వేయడం తొందరపాటే. వైద్యంలో మరో చిక్కుంది. చాలాకాలం ఎక్కువగా ఉన్న చక్కెరను హఠాత్తుగా దించితే నరాల నొప్పి భరించరానంతగా రావచ్చని 1933లోనే కారవాటి అనే వైద్యుడు రాశాడు. బిడ్డ క్షేమం కోసం గర్భిణికి చక్కెర వేగంగా దించక తప్పదు. 1993లో వెలువడిన అమెరికా డీసీసీటీ అధ్యయనం కట్టుదిట్టమైన అదుపుతో నాడీ నష్టం సుమారు 60 శాతం తగ్గిందని చూపింది. ఆ అదుపు గర్భానికి ముందే మొదలైతే దించే వేగం తగ్గించుకోవచ్చు. ఇక నాడీ నష్టాన్ని కనిపెట్టడానికి పాదాలను మోనోఫిలమెంటు అనే సన్నని నైలాన్ పోగుతో తాకి చూడటం, పడుకోబెట్టీ నిలబెట్టీ రక్తపోటు కొలవడం మొదటి సందర్శనలోనే కొన్ని నిమిషాల్లో ముగిసే పనులు.