అతుకుల బొంతకు దక్కని చోటు

పొంతన లేని పొత్తుల ప్రభుత్వాన్ని ‘అతుకుల బొంత’ అంటాం. ఇద్దరూ ఇద్దరే అని చెప్పాలంటే ‘గంతకు తగ్గ బొంత’ అంటాం. తరతరాలుగా ఒళ్లు వెచ్చబెట్టిన వస్తువు మన మాటల్లో ఎత్తిపొడుపుగానే మిగిలింది. చరిత్ర రాతలోనూ దానికి జరిగింది ఇదే. ఉమ్మడి నల్లగొండ జిల్లా బట్టల కథ అనగానే పోచంపల్లి మగ్గం గుర్తొస్తుంది. గొల్లకురుమల గొంగడికి తెలంగాణ పాటల్లో గౌరవమైన చోటుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల ఇళ్లలో పాత చీరలను బొంతలు చేసిన ఆడవాళ్ల పనికి ఆ చోటు దక్కలేదు. దక్కి తీరాలని నా వాదన. ఎందుకంటే అది ఒకేసారి కళ, ఇంకొకరి కోసం చేసిన చాకిరీ కూడా.

ఆ పనిని దగ్గరగా చూద్దాం. నూలు చీరలను ఉతికి ఆరేసి, మెత్తబడినవీ చిరిగినవీ లోపలి పొరలకు తీసిపెడతారు. రంగు నిలిచినవి పైకి వస్తాయి. నేలమీద ముడత లేకుండా సాగదీసి పరిచి, పొరలు జరగకుండా ముందు పెద్ద టాకాలు వేస్తారు. ఆ తర్వాత సూది వరస వెంట వరసగా నడుస్తుంది. కుట్టు వదులైతే నాలుగు ఉతుకులకే లోపలి బట్ట ఉండలు కడుతుంది. మరీ బిగిస్తే బొంత ముడుచుకుపోయి బిరుసెక్కుతుంది. ఏ చిరుగు మీద ఏ ముక్క పడాలి, ఎర్రంచు పక్కన పసుపు నప్పుతుందా, తెగిపోని అంచును ఎటువైపు తిప్పాలి అన్నవి ఎవరూ గీసివ్వని లెక్కలు. కుట్టే మనిషి కంటితోనే తేల్చుకుంటుంది.

చలికి తాళలేక కుట్టుకున్నదాన్ని కళ అనడం అతిశయమే కదా అని కొందరు అడగవచ్చు. అవసరం తీరడమే లక్ష్యమైతే ఏ ముక్క ఎక్కడ పడ్డా వెచ్చదనం ఒక్కటే. అయినా ముక్కలు ఎంచి వేశారంటే అవసరాన్ని మించినదేదో ఆ చేతుల్లో ఉంది. ఈ ప్రాంతపు తండాల్లోని లంబాడీలనే చూడండి. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ దేశం తిరిగిన వాళ్లు సంచులకూ దుస్తులకూ అద్దాలు, గవ్వలు, రంగు ముక్కలు కుట్టుకున్నారు. బరువు మోయడానికి సంచికి అద్దం అక్కర్లేదు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు కుట్టే ‘కవంది’ బొంతకు మూలల్లో పూలుగా భావించే ముక్కలు పడితేగానీ అది పూర్తయినట్టు కాదు. అమెరికాలో అలబామా రాష్ట్రపు జీస్ బెండ్‌లో నల్లజాతి స్త్రీలు అరిగిపోయిన పని బట్టలతో కుట్టిన బొంతలను 2002లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం గోడలకు వేలాడదీశారు. ఆ కుట్టుకు గోడ దొరికింది, మన కుట్టుకు దొరకలేదు.

కుట్టు పనిని పరోపకారంగా చూడటం దొరల దేశాల అలవాటు అన్న మాట ఒకటుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ అనే మెనొనైట్ క్రైస్తవ శాఖ మిషనరీ 1890లో నల్లగొండలో స్థిరపడ్డాడు. తర్వాత సూర్యాపేటలోనూ మిషన్ కేంద్రం వెలిసింది. రష్యాలోని మెనొనైట్ ఊళ్లలో ఆడవాళ్లు కుట్టు సంఘాలుగా కూడి, కుట్టినవాటిని వేలం వేసి ఆ డబ్బును మిషన్లకు పంపేవారు. వాళ్లకు సంఘాలున్నాయి, లెక్కల పుస్తకాలున్నాయి, అందుకే చరిత్ర మిగిలింది. మన దగ్గర మాత్రం ఆ పని చుట్టరికంలో కలిసిపోయింది. బిడ్డ పుట్టకముందే అమ్మమ్మ తన మెత్తటి చీరలతో పొత్తిళ్లు, చిన్న బొంత సిద్ధం చేస్తుంది. అక్కడ పాత బట్ట లేమికి గుర్తు కాదు. పసి ఒంటికి గీరుకోని బట్ట అదే. దానం అని పేరు పెట్టనంత మాత్రాన అది దానం కాకుండా పోదు.

ఇప్పుడు గట్టి అభ్యంతరం ఇంకొకటి. పానిపట్‌లో పాత ఉన్నిని మళ్లీ వడికి చేసే చవక కంబళ్లు లారీలకొద్దీ దొరుకుతుంటే, కష్టంలో ఉన్నవాళ్లకు ఎవరో కట్టి విడిచిన బట్టతో కుట్టింది ఇవ్వడం చిన్నచూపు కాదా? 2024 సెప్టెంబరు 1న కోదాడలో ఇళ్లలోకి నీళ్లు వచ్చినప్పుడు ఆ రాత్రికి కావలసింది కంబళే. బొంత బరువు, తడిస్తే ఓ పట్టాన ఆరదు. ఈ మాట ఒప్పుకోవాలి. అయితే మూట కట్టి పడేసిన పాత బట్టా, రోజుల తరబడి కూర్చుని కుట్టిన బొంతా ఒకటి కావు. మొదటిది వదిలించుకున్నది. రెండోదాంట్లో ఇచ్చేవాళ్ల కాలం, కంటిచూపు, వేళ్ల నొప్పి ఉన్నాయి. 1999లో ఢిల్లీలో మొదలైన గూంజ్ సంస్థ పాత బట్టలతో పరుపులు, సంచులు కుట్టించి ఊళ్లకు చేరుస్తోంది. దాని స్థాపకుడు అన్షు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. పాత బట్టకు మర్యాద కుట్టుతోనే వస్తుందని ఆ పని రుజువు చేసింది.

మరి వందేళ్ల కిందటి బొంత ఒక్కటైనా చూపించండి అంటే చూపించడం కష్టమే. బొంత దాచుకునేది కాదు, వాడి అరగదీసేది. పై బట్ట చిల్లులు పడ్డాక బొంతకు మరో చీర తొడుగుతారు. అప్పుడు పాత బొంత లోపలి పొరగా మారుతుంది, దాని కుట్లు విప్పరు. మిర్యాలగూడలోనో కోదాడలోనో పెట్టె మీద మడతపెట్టి ఉన్న బొంత అంచు ఓ చోట విప్పి చూస్తే, కుట్టినామె తల్లి వేసిన వరసలు లోపల ఇంకా కనిపించవచ్చు.