బొల్లారం రియాక్టర్లు, కండరంలోని చక్కెర

బొల్లారం అనగానే చాలామందికి సికింద్రాబాద్ కంటోన్మెంట్, రాష్ట్రపతి నిలయం గుర్తొస్తాయి. ఈ వ్యాసంలోని బొల్లారం వేరు. పాత మెదక్ జిల్లా జిన్నారం మండలంలో ఉండి, ఇప్పుడు సంగారెడ్డి జిల్లాలోకి వచ్చిన పారిశ్రామికవాడ ఇది. పటాన్‌చెరు, పాశమైలారం, కాజీపల్లి, బొంతపల్లిలతో కలిపి ఈ బెల్టు చరిత్రను రెండు ముక్కల్లో చెప్పేయడం మనకు అలవాటైపోయింది: విదేశీ మందుల్ని కాపీ కొట్టి చవగ్గా అమ్మారు, వాగులూ చెరువులూ పాడుచేశారు. రెండూ నిజాలే. అయితే 1990లలో ఇక్కడి మందుల పరిశ్రమ షుగర్ జబ్బుకు సొంతంగా కొత్త అణువుల్ని కనిపెట్టిన అధ్యాయం ఈ రెండు ముక్కల్లో ఎక్కడా ఇమడదు. ఎవరైనా ప్రస్తావించినా తాహతుకు మించిన సాహసమని కొట్టిపారేస్తారు. ఆ తీర్పు తప్పని నా వాదన. బొల్లారం నేర్చిన పనితనం సహజంగా వెళ్ళాల్సిన చోటికే వెళ్ళింది. అది తడబడిన చోట ప్రపంచంలోని పెద్ద కంపెనీలు కూడా తడబడ్డాయి. షుగర్ ఉన్న మనిషి కండరం తనకు కావాల్సిన శక్తిని ఎలా తయారుచేసుకుంటుందనే ప్రశ్న అంత తేలిగ్గా లొంగేది కాదు.

ఆ పనితనం ఎక్కడిదో ముందు చూడాలి. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ సోవియట్ సాయంతో బాలానగర్‌లో మందుల కర్మాగారం పెట్టింది. ఒక తరం కెమిస్టులు అక్కడే చేయి తిరిగినవాళ్ళయ్యారు. 1970 నాటి పేటెంట్ చట్టం 1972లో అమల్లోకి వచ్చాక మందు మీద పేటెంట్ పోయి, తయారుచేసే పద్ధతి మీద మాత్రమే మిగిలింది. అదే మందును మరో దారిలో చేయగలిగినవాడికి అడ్డు లేదు. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆ సంస్థ బల్క్ డ్రగ్ యూనిట్లు బొల్లారంలో వెలిశాయి. ‘కాపీ’ అన్న మాట ఈ పనిని ఎంత చిన్నది చేస్తుందో షుగర్ మందు మెట్‌ఫార్మిన్‌ను చూస్తే తెలుస్తుంది. డైమిథైల్ అమీన్ హైడ్రోక్లోరైడ్, డైసయనోడయమైడ్ రెండూ కలిపి వేడిచేస్తే ఆ మందు వస్తుంది. కాగితం మీద ఒక్కటే మెట్టు. ఎంత వేడి, ఎంతసేపు, ఏ సాల్వెంట్, చల్లారేటప్పుడు పలుకు ఎంత సైజులో కట్టాలి, సెంట్రిఫ్యూజ్‌లోంచి దించిన తడి ముద్దలో మలినం ఎంత మిగిలింది, మదర్ లిక్కర్‌లోంచి ఇంకెంత సరుకు రాబట్టవచ్చు అనేవి మాత్రం ఏ పేటెంటూ పూర్తిగా చెప్పదు. అవి షిఫ్టుల్లో నిలబడి నేర్చుకోవాల్సినవి.

ఇక కండరం సంగతి. ఇన్సులిన్ ఎక్కించి కొలిచిన పరీక్షల్లో, రక్తంలోంచి ఒళ్ళు తీసుకునే గ్లూకోజ్‌లో దాదాపు 80 శాతం కండరాలకే పోతుందని తేలింది. ఇన్సులిన్ వచ్చి కణం పైపొర మీది గ్రాహకానికి తగిలితే, లోపల ఉన్న గ్లట్-4 అనే రవాణా ప్రోటీన్లు పైపొరకు చేరి గ్లూకోజ్‌ను లోపలికి తెస్తాయి. అందులో కొంత గ్లైకోజెన్‌గా నిల్వ అవుతుంది, కొంత మైటోకాండ్రియాలో దహనమై, దాని శక్తి కణం వాడుకునే ఏటీపీ అణువుల్లో చేరుతుంది. టైప్-2 మధుమేహంలో ఇన్సులిన్ ఉన్నా ఈ కబురు సరిగా అందదు. 1990లో యేల్ విశ్వవిద్యాలయంలో షుల్మన్ బృందం కొలిస్తే, మధుమేహుల కండరంలో గ్లైకోజెన్ తయారయ్యే వేగం ఆరోగ్యవంతుల్లో సగం కూడా లేదు. పరగడుపున కొవ్వును, భోజనం తర్వాత గ్లూకోజ్‌ను మార్చి మార్చి వాడుకునే నేర్పు కూడా ఆ కండరంలో సన్నగిల్లుతుంది. రక్తంలో చక్కెర పొంగుతున్నా కండరం దాన్ని వాడుకోలేదు. అదే మనిషి నడిస్తే, కండరం ముడుచుకున్నప్పుడల్లా ఇన్సులిన్ ప్రమేయం లేకుండానే గ్లట్-4 పైకి వస్తుంది. డాక్టర్లు నడవమని పోరేది ఊరికే కాదు.

ఈ మొండికేసిన కండరాన్ని దారికి తెస్తాయని ఆశ కల్పించినవి గ్లిటాజోన్లు. జపాన్‌లోని సాంక్యో కనిపెట్టిన ట్రోగ్లిటాజోన్ 1997లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. దాదాపు అదే కాలంలో మియాపూర్‌లోని డాక్టర్ రెడ్డీస్ పరిశోధన కేంద్రం బాలగ్లిటాజోన్‌ను తయారుచేసి, 1997లో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు హక్కులిచ్చింది. ఒక భారతీయ కంపెనీ సొంత అణువును విదేశీ సంస్థకు ఇవ్వడం అదే మొదలు. వెనువెంటనే రాగాగ్లిటజార్ కూడా ఆ దారే పట్టింది. చిత్రమేమిటంటే ఈ మందులు ప్రధానంగా పనిచేసేది కండరం మీద కాదు, కొవ్వు కణాల్లోని పీపార్-గామా గ్రాహకం మీద. కొవ్వు తన గూట్లో తాను నిల్వ ఉంటే కండరం మీద బరువు తగ్గి, ఇన్సులిన్ మాట మళ్ళీ వింటుందని లెక్క. రాగాగ్లిటజార్ పీపార్-ఆల్ఫాను కూడా తట్టి రక్తంలోని కొవ్వునూ తగ్గించాలి. 2002 జూలైలో, మనుషుల మీద మూడో దశ పరీక్షలు నడుస్తుండగా, ఎలుకల మూత్రాశయంలో కణుతులు కనిపించడంతో నోవో దాన్ని ఆపేసింది. బాలగ్లిటాజోన్ ఆ తర్వాత మరో డానిష్ సంస్థ రియోసైన్స్ చేతుల్లో మూడో దశ దాటింది, కానీ మందుల షాపు దాకా రాలేదు.

ఇవీ కాపీలేగా, సాంక్యో వేసిన దారిలోనే నడిచారుగా అని అడగవచ్చు. బాలగ్లిటాజోన్‌కు ఇది కొంతవరకు వర్తిస్తుంది. గ్లిటాజోన్లన్నిటిలో ఉండే థయాజోలిడిన్‌డయోన్ వలయం మియాపూర్ కెమిస్టులు కనిపెట్టింది కాదు. కానీ గ్రాహకాన్ని పూర్తిగా కాక పాక్షికంగా మాత్రమే తట్టి, ఒళ్ళు రావడం, నీరు పట్టడం తగ్గించాలన్న ఆలోచన అప్పటికి కొత్తది. రాగాగ్లిటజార్‌లో ఆ వలయమే లేదు. తాహతుకు మించిన పని అన్న రెండో అభ్యంతరానికి ప్రపంచ చరిత్రే జవాబు. ట్రోగ్లిటాజోన్ కాలేయాన్ని దెబ్బతీసి 2000లో బజారు వదిలింది. గుండె పోట్ల భయంతో రోసిగ్లిటాజోన్‌ను 2010లో మన దేశమే నిషేధించింది. రాగాగ్లిటజార్ కోవలోని మురాగ్లిటజార్, టెసాగ్లిటజార్ 2006లో, అలెగ్లిటజార్ 2013లో ఆగిపోయాయి. వాటి వెనక ఉన్నవి బ్రిస్టల్-మయర్స్, ఆస్ట్రాజెనెకా, రోష్. డబ్బు, అనుభవం, ప్రయోగశాలలు దండిగా ఉన్నవాళ్ళే అక్కడ బోర్లాపడితే, మియాపూర్ కెమిస్టులు స్థాయి మరిచారనడం అన్యాయం. ఆ కోవలోదే అయిన సారోగ్లిటజార్‌కు 2013లో మన దేశంలో అనుమతి దొరికింది. దాన్ని తెచ్చింది అహ్మదాబాద్‌కు చెందిన జైడస్.

మూడో అభ్యంతరం బరువైనది, దానికి నా దగ్గర సర్దుబాటు జవాబు లేదు. ఆ పరిశోధనకు డబ్బు బల్క్ డ్రగ్స్‌లోంచే వచ్చింది. ఆ బల్క్ డ్రగ్ బెల్టు వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీరలోకి వెళ్ళాయి. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం బయటికి వదిలిన నీళ్ళలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రచురించారు. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. ఆ వాగు పక్క రైతు నష్టాన్ని ఏ కొత్త అణువూ పూడ్చదు. నేను నిలబెట్టేది ఒక్కటే: ఆ నష్టానికి కారణం కొత్తది కనిపెట్టాలన్న ఆశ కాదు, వ్యర్థాల ఖర్చును ఊళ్ళ మీదికి నెట్టిన తీరు.

కండరం ప్రశ్న తేలిగ్గా లొంగేది కాదన్న నా వాదనకు మెట్‌ఫార్మిన్ కథ మరో సాక్ష్యం. 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ దాన్ని షుగర్ రోగులకు ఇచ్చి చూపించారు. అది మైటోకాండ్రియాలోని మొదటి కాంప్లెక్స్‌ను నెమ్మదింపజేస్తుందని 2000లో గానీ తేలలేదు. ఆ మందు కూడా కండరంలో కాక ఎక్కువగా కాలేయంలో పనిచేస్తుంది. కండరాన్ని అర్థం చేసుకుని చేసిన మందు ఇప్పటికీ మన చేతిలో లేదు. మన కండరాల సంగతి మరీ ప్రత్యేకం. 2008లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో శ్రీకుమారన్ నాయర్ బృందం, అక్కడికి వలసవెళ్ళిన భారతీయుల కండరం ముక్కలు తీసి పరీక్షించింది. ఏటీపీ తయారుచేసే మైటోకాండ్రియా సామర్థ్యం యూరోపియన్ సంతతివారి కంటే భారతీయుల్లోనే ఎక్కువగా ఉంది, షుగర్ ఉన్నవారిలోనూ అది తగ్గలేదు. అయినా ఇన్సులిన్‌కు వాళ్ళ కండరం లొంగలేదు. మైటోకాండ్రియా మందగించడమే జబ్బుకు మూలమన్న సిద్ధాంతం మన ఒంటికి అతకదన్నమాట. మెట్‌ఫార్మిన్ తయారీకి పేరుపడ్డ గ్రాన్యూల్స్ కంపెనీ యూనిట్ బొంతపల్లిలో ఉంది, జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్‌లో ఉంది. రియాక్టర్ దగ్గర పనిచేసేవాళ్ళు, కండరం ముక్కను చదివేవాళ్ళు ఇంత దగ్గర్లో ఉన్న చోటు దేశంలో అరుదు. 1990లలో మొదలైన పనిని మళ్ళీ అందుకోవాల్సింది ఈ బెల్టే. ఈసారి ఎలుకతో కాక, మన మనిషి కండరంతో మొదలుపెట్టాలి.