కార్బురేటరు: మార్చుటయా, బాగుచేయుటయా?

మండువేసవిలో కాజీపేట నుండి హనుమకొండకు పోవు పాత అంబాసిడరు నడిదారిలో ఆగినచో, చేరినవారందరు చెప్పుమాట ఒక్కటే: "కార్బురేటరు పోయినది." ఓరుగల్లు ఎండలో ఈ తీర్పు చాలసార్లు తప్పగును. ఇంజను వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరియై ముందుకు కదలదు. వెనుకటి డ్రైవర్లు ఇది యెరిగి పంపుపై తడిగుడ్డ కప్పి, చెట్టునీడన కొంతసేపు కూర్చుండి, మరల బండి కదిలించెడివారు. నిరపరాధిపై నేరము మోపి కొత్తది కొనిపించుట తరువాత వచ్చిన నాగరికత.

ఇంతకును కార్బురేటరు చేయు పని యేమి? దోమలమందు చల్లు పిచికారీని శ్రోతలు చూచియే యుందురు. ఇరుకు గొంతుగుండా గాలి వడిగా పోవునప్పుడు అక్కడ పీడనము తగ్గి, క్రింది పాత్రలోని ద్రవము పైకెగసి తుంపరలగును. తూకమున ఒక పాలు పెట్రోలునకు ఇంచుమించు 15 పాళ్ల గాలి కలిసిననే అది చక్కగా మండును. 1893లో జర్మనీ దేశీయుడు విల్‌హెల్మ్ మేబాక్ ఈ తుంపరల పద్ధతిని అమర్చినాడు. 1905 ప్రాంతమున ఇంగ్లండులో, చెప్పుల వర్తకుల కుటుంబమునకు చెందిన హెర్బర్టు స్కిన్నరు తన కార్బురేటరులో తోలుతిత్తి నుంచినాడు. ఇంటి సరకే గదా! తిత్తికి బదులు పిమ్మట లోహపు పిస్టను వచ్చినది. అదియే ఎస్.యు. కార్బురేటరు. ఆ సంస్థను 1926లో మోరిస్ కొన్నాడు. మోరిస్ ఆక్స్‌ఫర్డు నుండి పుట్టిన మన అంబాసిడర్లలో కొన్నిటికి ఎస్.యు., కొన్నిటికి సోలెక్సు అమరినవి.

నిజాము రాజ్యమున 1932లో రైల్వేవారి రోడ్డు రవాణాశాఖ 27 బస్సులతో ఆరంభమైనది. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కరవై తెలుగునాట బొగ్గుబస్సులు తిరిగినవి. బస్సునకు ఒక కొలిమి. అందు చాలీచాలని గాలితో కాలిన బొగ్గు నుండి మండెడి వాయువు వెలువడును. దానిని వడగట్టి, చల్లార్చి, గాలితో కలిపి ఇంజనులోనికి పంపెడివారు. కార్బురేటరునకు ఆనాడు విశ్రాంతియే. ఎత్తు వచ్చినచో ప్రయాణికులు దిగి తోయవలెను. తోసినవారు టికెట్టు డబ్బు తిరిగి అడిగినట్లు మేము వినలేదు.

2000 తరువాత కొత్త కార్లలో ఇంజెక్షను పద్ధతి స్థిరపడినది; 2014లో అంబాసిడరు తయారీయే నిలిచినది. కావున నేడు పాతదానిని బాగుచేయగల చేయిని వెదకవలసియున్నది. మా బండి నల్లనిపొగ విడుచుచు, పెట్రోలు కారుచుండగా ఒక దుకాణమువారు "ఇది పారవేయుడు" అన్నారు. మేము ఒక వృద్ధ మెకానిక్కు నాశ్రయించినాము. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఇంజనీరింగు కళాశాలకు ఆయన షెడ్డు దగ్గరనే; ఆయన మాత్రము దానిలో అడుగిడినవాడు కాడు.

ఆయన మొదట గిన్నె విప్పినాడు. అడుగున త్రుప్పు, నీటిబొట్లు. ఇత్తడి ఫ్లోటును చెవివద్ద ఆడించి, "లోపల పెట్రోలున్నది" అన్నాడు. వేడినీట ముంచగా సన్నని బుడగలు వచ్చి చిల్లు జాడ తెలిపినవి. లోని పెట్రోలు పూర్తిగా పోయిన పిమ్మటనే మాటు వేసినాడు, అదియు మిక్కిలి కొద్దిగా. మాటు బరువెక్కిన ఫ్లోటు మునుగును, గిన్నె పొంగును. జెట్టును గాలితో ఊదినాడేగాని తీగ పెట్టనీయలేదు; రంధ్రము వెడల్పైనచో బండి ఎప్పటికిని ఎక్కువ త్రాగునట. పిస్టనును వేలితో ఎత్తి విడువగా "టక్కు"మని పడినది; పైని పలుచని నూనె పోసినాడు.

"మరి మార్చవలసినది ఎప్పుడు?" అని అడిగినాము. గాలితలుపు ఇరుసును పట్టి ఆడించి చూపినాడు. అది వదులైన దొంగగాలి చొచ్చి ఇంజను నెమ్మదిగా నిలువదు. బుష్షు వేసిన కుదురును. బుష్షు వేయుటకు వీలులేక ఒళ్లే పగిలినచో అప్పుడు కొత్తది కొనుడన్నాడు. మాదానికి ఆ గతి పట్టలేదు. సాయంత్రము భద్రకాళి చెరువు దాక పోయి వచ్చినాము, పొగ కనబడలేదు.