జీవకణజాల హృదయ కవాటాల క్షీణత: చరిత్ర

పంది బృహద్ధమని కవాటంతో గాని, పశువుల గుండెను కప్పి ఉండే పెరికార్డియం పొరతో గాని తయారుచేసి, మనిషి గుండెలో చెడిపోయిన కవాటానికి బదులుగా అమర్చేవాటిని జీవకణజాల కవాటాలంటారు. యాంత్రిక కవాటం పెట్టించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు వాడవలసి ఉండగా, వీటికి సాధారణంగా ఆ అవసరం లేదు. అయితే ఇవి చాలామందిలో పది, ఇరవై ఏళ్ల మధ్య క్షీణిస్తాయి.

1965లో పారిస్‌లో బినే, కార్పాంటియే అనే శస్త్రవైద్యుల బృందం పంది కవాటాలను మనుషులకు అమర్చింది. అప్పటి నిల్వ ద్రావణాలు పరాయి కణజాలంపై శరీరం చేసే దాడిని ఆపలేకపోవడంతో ఆ కవాటాలు త్వరగానే పాడయ్యాయి. 1968 నాటికి కార్పాంటియే గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనాన్ని వాడి, కణజాలానికి బలాన్నిచ్చే కొల్లాజెన్ పోగులను ఒకదానితో ఒకటి బంధించి, రోగనిరోధక ప్రతిచర్యను చాలావరకు తగ్గించాడు.

కవాటాల ఆయుష్షు పెంచిన ఈ శుద్ధే మరో రకం క్షీణతకు దారితీసింది. సజీవ కణం తనలోకి చేరే కాల్షియాన్ని ఎప్పటికప్పుడు బయటికి పంపుతుంది. గ్లూటరాల్డిహైడ్ వల్ల నిర్జీవమైన కణానికి ఆ శక్తి ఉండదు కనుక, రక్తంలోని కాల్షియం లోపలికి చొచ్చుకొనిపోయి, కణపు పొరల్లోని ఫాస్ఫరస్‌తో కలిసి, ఎముకలోని ఖనిజాన్ని పోలిన స్ఫటికాలుగా పేరుకుంటుంది. దానితో కవాటపు రెక్కలు బిగుసుకొని సరిగా తెరుచుకోవు, లేదా చిరిగి రక్తాన్ని వెనక్కి వదులుతాయి. నిమిషానికి డెబ్బై చొప్పున లెక్కిస్తే ఏడాదికి మూడున్నర కోట్లకు పైగా కొట్టుకునే గుండెలో కవాటపు కొల్లాజెన్ పోగులు అరుగుతూనే ఉంటాయి. వాటిని బాగుచేసే సజీవ కణాలు మాత్రం ఆ కవాటంలో ఉండవు.

నిర్మాణలోపమూ క్షీణతకు కారణం కాగలదని శస్త్రవైద్యుడు అయొనెస్కూ రూపొందించిన కవాటం చూపింది. 1971లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో వాడుకలోకి వచ్చిన ఈ పెరికార్డియం కవాటంలో, రెక్కలను చట్రానికి పట్టి ఉంచిన కుట్ల దగ్గర చిరుగులు ఏర్పడ్డాయి. తర్వాతి నమూనాలలో ఒత్తిడి ఒకేచోట పడకుండా రెక్కలు అమర్చే పద్ధతిని మార్చారు. కాల్షియం పేరుకోవడాన్ని తగ్గించేందుకు, కణపు పొరల్లోని ఫాస్ఫరస్ ఉన్న కొవ్వును తొలగించడానికి ఆల్కహాల్ వంటి పదార్థాలతో శుద్ధిచేయడమూ మొదలైంది.

పిల్లల్లో, యువకుల్లో కాల్షియం వేగంగా పేరుకుంటుంది. అందువల్ల రుమాటిక్ జ్వరం వల్ల చిన్న వయసులోనే కవాటాలు దెబ్బతినే భారతదేశం వంటి చోట్ల ఈ సమస్య మరింత తీవ్రమైనది. 2002లో ఫ్రాన్స్‌లో హృద్రోగ వైద్యుడు క్రిబియే రక్తనాళం గుండా కవాటాన్ని అమర్చిన తర్వాత, క్షీణించిన కవాటం లోపలే కొత్తదాన్ని విప్పే పద్ధతి కూడా వచ్చింది. ఇది కొందరికి రెండో శస్త్రచికిత్సను తప్పించినా, కొత్త రెక్కలూ శుద్ధిచేసిన నిర్జీవ కణజాలమే కనుక, క్షీణతను వాయిదా వేయగలదే గాని తొలగించలేదు.