ఇల్లు కొనకముందు ఇచ్చే మాట

ఇల్లు కొనదలచినవాడు నేడు అనేక దేశాలలో ముందుగా వెళ్ళేది బ్యాంకు వద్దకు. బ్యాంకు అతని ఆదాయాన్ని, పాత బాకీలను, వాటిని తీర్చిన తీరును పరిశీలించి, ఇంత మొత్తం వరకు అప్పు ఇవ్వగలమని కాగితం వ్రాసి ఇస్తుంది. ఆ కాగితం చూసుకొని అతడు ఇళ్ళు చూస్తాడు, బేరమాడతాడు, బయానా ఇస్తాడు. కాని అది అప్పు పత్రం కాదు. షరతులతో కూడిన మాట మాత్రమే. ఇంటి విలువ, దస్తావేజులు చూసిన పిమ్మట బ్యాంకు వెనుదీయవచ్చు. అప్పుడు బయానా పోగొట్టుకున్నవాని నష్టానికి బాధ్యులెవరు? ఈ ప్రశ్న కొత్తదిగా తోచవచ్చును గాని, దీని మూలం పదకొండు వందల ఏళ్ళకు పైబడిన చర్చలో ఉన్నది.

మాట నిలుపుకోవడం విశ్వాసి లక్షణమన్న విషయంలో ధర్మశాస్త్రవేత్తలకు భేదాభిప్రాయం లేదు. మాట తప్పినవానిని ఖాజీ నిర్బంధించవచ్చునా అన్న దగ్గరనే భేదం వచ్చింది. నిర్బంధించరాదని అధిక సంఖ్యాకులు భావించారు. మాలికీ విద్వాంసులలో పలువురు మరొక మార్గం త్రొక్కారు. ఖైరవాన్ నగరానికి చెందిన ఇమామ్ సహ్నూన్ (మరణం హి.శ. 240) చెప్పినట్లుగా ఈజిప్టు విద్వాంసుడు అల్ ఖరాఫీ (మరణం హి.శ. 684) నమోదు చేసిన ఉదాహరణ సరిగ్గా ఇంటికి సంబంధించినదే. ఒకడు మరొకనితో, ఉన్న ఇల్లు పడగొట్టుకోమని, తిరిగి కట్టుకొనేందుకు సొమ్ము అప్పుగా తానిస్తానని చెబుతాడు. ఆ మాట నమ్మి అతడు ఇల్లు పడగొట్టుకున్నాడంటే, ఇక ఆ అప్పు ఇవ్వక తప్పదు. నోటి మాటను బాధ్యతగా మార్చింది, దానిని నమ్మి అవతలివాడు చేసిన పని.

వడ్డీ లేని బ్యాంకులు వెలసిన తరువాత ఈ చర్చ మళ్ళీ ముందుకు వచ్చింది. ఇక్కడ మాట ఇచ్చేది ఖాతాదారు కూడా. ఫలానా వస్తువును మీరు కొంటే, ఇంత లాభమిచ్చి మీ వద్ద నేను కొంటానని అతడు బ్యాంకుకు చెబుతాడు. ఇటువంటి వ్యవహారాన్ని ఇమామ్ షాఫయీ (మరణం హి.శ. 204) 'అల్ ఉమ్మ్' గ్రంథంలో అనుమతించారు, అయితే అడిగినవానికి కొనే, మానుకొనే స్వేచ్ఛ రెండూ ఉంచారు. దీని ఆధారంగానే డా. సామీ హమూద్ 1976లో కైరో విశ్వవిద్యాలయానికి సమర్పించిన పరిశోధనలో బ్యాంకులకు అనువైన మురాబహా పద్ధతిని రూపొందించారు.

1979లో దుబాయిలో జరిగిన ఇస్లామీ బ్యాంకుల మహాసభ, మాలికీ అభిప్రాయాన్ని అనుసరించి, ఆ వాగ్దానం ఉభయులకూ న్యాయస్థానంలో చెల్లుతుందని ప్రకటించింది. దీనిపై అభ్యంతరాలు వచ్చాయి. ఇరువురూ ముందే కట్టుబడితే అది వాగ్దానం కాదు, అమ్మకమే అవుతుంది. తన వద్ద లేనిదానిని అమ్మరాదని దైవప్రవక్త (స) వారించి ఉన్నారు.

1988 డిసెంబరులో కువైట్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ మధ్యేమార్గాన్ని నిర్ణయించింది. ఒక పక్షం చేసిన వాగ్దానం, సరైన కారణముంటే తప్ప, నైతికంగా నెరవేర్చవలసినదే. అది ఒక కారణంతో ముడిపడి, దానివల్ల అవతలివాడు ఖర్చులో పడితే న్యాయరీత్యా కూడా చెల్లుతుంది. అకారణంగా తప్పినవాడు మాట నిలుపుకోవాలి, లేదా వాస్తవంగా జరిగిన నష్టాన్ని భరించాలి. ఉభయులు ఒకరికొకరు చేసుకొనే వాగ్దానాలలో కనీసం ఒకరికైనా తప్పుకొనే హక్కు ఉండాలి.

ముందస్తు అంగీకారపు కాగితాలకు నేటి దేశాలలో ఆయా చట్టాలే వర్తిస్తాయి. సహ్నూన్ తీర్పు అక్కడ చెల్లదు. అయినా ఆయన ఉదాహరణ ఇరువురినీ హెచ్చరిస్తున్నది. మాట ఇచ్చేవాడు తన షరతులన్నీ ముందే విప్పి చెప్పాలి. పుచ్చుకొనేవాడు, రెండవ ఇంటికి సొమ్ము రూఢి కానిదే ఉన్న ఇల్లు పడగొట్టుకోరాదు.