చెన్నపురి మూరు మార్కెట్టు

పూర్వపు సత్తెనపల్లి తాలూకాలోని అమరావతి శిల్పములను పెక్కింటిని చూడగోరువారు చెన్నపట్టణపు ఎగ్మూరు ప్రదర్శనశాలకే పోవలయును. 1953 వఱకు పలనాటి సీమకును అదియే రాజధాని. వ్యాజ్యములకో, కళాశాలల చదువులకో పోయిన మనవారు సెంట్రల్ స్టేషనున దిగగనే, ఆ చెంతనే మూరు మార్కెట్టు యొక్క ఎఱ్ఱ యిటుకల గోడలు కనబడుచుండెను. నేడు లేని ఆ కట్టడము చరిత్రము మన గృహస్థులు తెలిసికొనదగినదని మేము తలంచుచున్నాము.

పందొమ్మిదవ శతాబ్దమున పట్టణమునకు ముఖ్యమైన అంగడి బ్రాడ్వే వీథిలోని పోఫాం మార్కెట్టు. జనము హెచ్చినకొలది అది ఇఱుకై, మురికియై, ఆరోగ్యమునకు భంగకరమయ్యెను. అప్పుడు నగరపాలకసంఘమున కధ్యక్షుడైన సర్ జార్జి మూరు కాలమున, పీపుల్స్ పార్కు సమీపమున క్రొత్త మార్కెట్టునకు 1898లో శంకుస్థాపనము జరిగెను. 1900లో అది తెఱవబడెను. ఎల్లిస్ అను ఇంజనీరు దాని రూపమును కల్పించెను. సుబ్రహ్మణ్య అయ్యరు కట్టించెను. నడుమ ఆవరణము, నాలుగు వైపుల అంగళ్ల వరుసలు, వానయు ఎండయు సోకని వసారాలు, ఇదియే దాని యేర్పాటు.

ఇట్టి మార్కెట్టులు కట్టుట వట్టి అలంకారమునకు గాదు. కప్పు క్రింద సరకు నిలుచును. నేల కడుగుటకు వీలగును. అధికారి వచ్చి తూకమును, శుభ్రతను పరీక్షింపగలడు. అంగడి యనునది వర్తకుని సొంత వ్యవహారము మాత్రమే గాక, పురజనుల ఆరోగ్యమునకు సంబంధించిన దను భావమే ఈ కట్టడమునకు మూలము.

కాని దానికి కీర్తి తెచ్చినవి కూరగాయలు గావు, పాత పుస్తకములు. క్రొత్త గ్రంథమును కొనలేని పేదవిద్యార్థి అచ్చట బేరమాడి పాతది కొనును; పరీక్ష ముగియగనే మరల అచ్చటనే అమ్మును. ఒక్క పుస్తకమే యెందఱికో చదువు చెప్పెను. 1948లో మదరాసు గ్రంథాలయ చట్టము వచ్చుటకు చాల ముందే, చందా లేని గ్రంథాలయముగా ఆ అంగళ్లు పనిచేసినవి. అచ్చట మోసములు లేకపోలేదు. ధర తెలియని క్రొత్తవాడు నష్టపోవుచుండెను. అయినను చదువును బీదవాని చేతి కందించిన పుణ్యము దానిదే.

ఆ స్థలము రైల్వేకు కావలయునను యత్నము జరుగుచుండగా, 1985 మే 30న మంటలు చెలరేగి మార్కెట్టు దగ్ధమయ్యెను. వర్తకులలో పలువురు దాపుననున్న అల్లికుళమున కట్టిన అంగళ్లకు తరలిరి. పూర్వస్థలమున రైల్వే భవనములు లేచినవి. పరిసరపు రైళ్లు ఆగు స్టేషనునకు మాత్రము మూరు మార్కెట్టు పేరు నిలిచియున్నది.

హైదరాబాదున 1935లో నిర్మింపబడిన మొజంజాహీ మార్కెట్టు గతి వేఱు. గోపురముతో కూడిన ఆ రాతికట్టడమును, శిథిలమగుచుండగా బాగుచేయించి 2020 ఆగస్టున మరల తెఱచిరి. ఇటుక కంటె రాయి గట్టిది కావచ్చును. కాని ఆ కట్టడమును కాపాడినది రాయి గాదు, కాపాడవలెనను సంకల్పము.

పాత కట్టడమును నేల ధరతో మాత్రమే తూచినచో, ఎప్పుడును నేలయే బరువుగా తోచును. అచ్చట చదువుకొన్నవారి లెక్క ఏ చిట్టాలోను వ్రాయబడదు. సత్తెనపల్లి వంటి ఊళ్లలో అంగళ్లు కట్టువారును, కూల్చువారును ఈ లెక్కను మఱవకుందురు గాక.